అల్‌స్టర్ దాకా దారి: అమెరికాలోని స్కాట్స్-ఐరిష్ పూర్వీకులను వెతికే పద్ధతి

అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లలో కోడలో అల్లుడో అక్కడివాళ్లే కావడం ఇప్పుడు మామూలైపోయింది. మనవడు స్కూల్లో వంశవృక్షం గీయాల్సి వస్తే ఒక వైపు కొమ్మ గుంటూరు దగ్గరో కరీంనగర్ దగ్గరో తేలుతుంది. రెండో వైపు కొమ్మ టెన్నెసీ, నార్త్ కరోలినా, వర్జీనియా మీదుగా వెనక్కి వెళ్లి, "1740 ప్రాంతంలో ఐర్లండ్ నుంచి వచ్చారట" అన్న ఒక్క మాట దగ్గర నిలిచిపోతుంది. ఆ పూర్వీకులు స్కాట్స్-ఐరిష్ వాళ్లు, అంటే స్కాట్లాండ్ నుంచి ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్‌కు వెళ్లి, అక్కడి నుంచి అమెరికా చేరినవాళ్లు అయితే, ఆ మాటను దాటి వెళ్లాలనుకునేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఆ మాట చేతికి రాగానే చాలామంది ఐర్లండ్ రికార్డుల్లో పేరు కొట్టి వెతకడం మొదలుపెడతారు. జాన్, జేమ్స్, విలియం, రాబర్ట్ అనే పేర్లు అక్కడ ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. ఎవరో ఒకరు దొరుకుతారు, ఆయన్నే తెచ్చి చెట్టుకు అతికించేస్తారు. ఇంటర్నెట్‌లో తిరిగే స్కాట్స్-ఐరిష్ వంశవృక్షాల్లో తప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. ఈ జనం చాలావరకు ఒంటరిగా వలస రాలేదు. అన్నదమ్ములు, వియ్యాలవారు, ఇరుగుపొరుగు, ఒక్కోసారి చర్చి పాస్టరుతో సహా కదిలారు. కాబట్టి మనిషి చుట్టూ ఉన్న గుంపును వెతికితే ఆ మనిషి ఊరు తెలుస్తుంది. కింద చెప్పేదంతా ఈ ఒక్క నమ్మకం మీదే నడుస్తుంది.

ముందు చరిత్ర కొంచెం

రికార్డులు ఎక్కడ ఉంటాయో తెలియాలంటే వీళ్లు ఎలా కదిలారో తెలియాలి. 1606లో హ్యూ మాంట్‌గోమరీ, జేమ్స్ హామిల్టన్ అనే ఇద్దరు స్కాట్లాండ్ వాళ్లు ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్‌లోని డౌన్ కౌంటీలో భూములు సంపాదించి, సొంత దేశం నుంచి రైతులను తెచ్చి దింపారు. 1609 తర్వాత రాజు జేమ్స్ ప్రభుత్వం ఆర్మా, కావన్, డోనెగాల్, ఫెర్మానా, లండన్‌డెర్రీ, టైరోన్ కౌంటీల్లో పెద్ద ఎత్తున అదే పని చేసింది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది స్కాట్లాండ్ నైరుతి మూలవాళ్లు: ఎయిర్‌షైర్, గాలోవే, లానార్క్‌షైర్, రెన్‌ఫ్రూషైర్. 1690ల్లో స్కాట్లాండ్‌లో కరవు వచ్చినప్పుడు మరో పెద్ద గుంపు దాటింది.

వీళ్లు ప్రెస్బిటేరియన్లు, అంటే బిషప్పులు లేకుండా సంఘ పెద్దలే నడిపే ప్రొటెస్టెంట్ శాఖ. ఐర్లండ్‌లో అధికార చర్చి మాత్రం ఆంగ్లికన్లది, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖది. 1704 చట్టం వాళ్లను ప్రభుత్వ పదవులకు దూరం చేసింది. ఆపైన కౌలు గడువులు తీరగానే భూస్వాములు రేట్లు పెంచేశారు, పంటలు పోయాయి, నార బట్టల వ్యాపారం పడుతూ లేస్తూ ఉంది. 1718లో అహడోయి ఊరి పాస్టరు జేమ్స్ మెక్‌గ్రెగర్ లాంటివాళ్ల వెంట కుటుంబాలకు కుటుంబాలే ఓడలెక్కి బోస్టన్‌లో దిగాయి. అక్కడి నుంచి అమెరికా విప్లవ యుద్ధం దాకా వలస అలలు అలలుగా సాగింది: 1720ల చివర, 1740-41 కరవులో, 1750ల మధ్యలో, చివరగా 1771 నుంచి 1775 దాకా. మీ కుటుంబ కథలో చెప్పే సంవత్సరం వీటిలో దేనికి దగ్గరగా ఉందో చూసి పెట్టుకోండి.

మొదటి మెట్టు: ఇంటి నుంచి వెనక్కి

ఇందులో కొత్త ఏమీ లేదు, కానీ దాటేయకండి. బతికున్న పెద్దవాళ్లతో మాట్లాడండి. ఫ్యామిలీ బైబిల్‌లో మొదటి పేజీలు చూడండి, పుట్టుకలు, చావులు అక్కడ రాసుకునేవాళ్లు. తర్వాత అమెరికా జనాభా లెక్కలు. 1850 నుంచి ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరి పేరు, పుట్టిన రాష్ట్రం ఉంటాయి. 1880 లెక్కల్లో తల్లిదండ్రులు పుట్టిన చోటు కూడా రాశారు. 1790 నుంచి 1840 దాకా ఇంటి పెద్ద పేరు మాత్రమే ఉంటుంది, మిగతావాళ్లు వయసుల వారీగా అంకెలు. ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఉచిత ఖాతా తెరిస్తే వీటిలో చాలావరకు దొరుకుతాయి.

ఒక్కో తరానికి ఒక్కో కాగితం ఆధారం దొరికే దాకా పై తరానికి ఎక్కకండి. ఎవరో ఆన్‌లైన్‌లో పెట్టిన చెట్టును సూచనగా తీసుకోవచ్చు, ఆధారంగా మాత్రం వద్దు.

ఓడ జాబితా కోసం నెలలు పోగొట్టుకోకండి

"ఏ ఓడలో వచ్చారు?" అని అందరికీ తెలుసుకోవాలని ఉంటుంది. 1819లో చట్టం వచ్చి, 1820 నుంచి అమలయ్యే దాకా అమెరికా రేవుల్లో ప్రయాణికుల జాబితాలు పద్ధతిగా అప్పగించే ఏర్పాటు లేదు. ఫిలడెల్ఫియాలో 1727 నుంచి ఉన్న ప్రసిద్ధ జాబితాలు జర్మన్లవి. వాళ్లు పరాయి దేశస్థులు కాబట్టి రాజుకు విధేయత ప్రమాణం చేయాల్సి వచ్చింది. అల్‌స్టర్ వాళ్లు అప్పటికే బ్రిటిష్ ప్రజలు, వాళ్ల పేర్లు రాసుకునే అవసరం ఎవరికీ రాలేదు. అదే కారణంతో విప్లవానికి ముందు వచ్చినవాళ్లకు పౌరసత్వ కాగితాలు కూడా ఉండవు. 1790 తర్వాత దిగినవాళ్లకైతే ఉంటాయి. వాటిని కౌంటీ కోర్టుల్లో వెతకాలి.

అయినా ఓడల గురించి తెలుసుకోవడం ఉపయోగమే. పెన్సిల్వేనియా నుంచి అవిసె విత్తనాలు అల్‌స్టర్‌కు వెళ్లేవి, నార పంట అక్కడ ప్రాణం. తిరుగు ప్రయాణంలో అవే ఓడలు మనుషులను ఎక్కించుకునేవి. బెల్‌ఫాస్ట్, డెర్రీ, న్యూరీ, లార్న్, పోర్ట్‌రష్ రేవుల నుంచి బయల్దేరి ఎక్కువగా ఫిలడెల్ఫియాలోనూ, డెలవేర్‌లోని న్యూకాజిల్‌లోనూ దిగేవాళ్లు. 1737లో మొదలైన బెల్‌ఫాస్ట్ న్యూస్‌లెటర్ పత్రికలో ఓడల ప్రకటనలు వచ్చేవి. క్షేమంగా చేరిన ప్రయాణికులు కెప్టెన్‌కు కృతజ్ఞతలు చెబుతూ సంతకాలతో రాసిన ఉత్తరాలు కూడా అందులో అచ్చయ్యాయి. 1800 దాకా ఆ పత్రికకు ఆన్‌లైన్‌లో ఉచిత సూచిక ఉంది. ఇటువైపు పెన్సిల్వేనియా గెజెట్ పత్రికలో పారిపోయిన సేవకుల ప్రకటనలు, పోస్టాఫీసులో ఎవరూ తీసుకెళ్లని ఉత్తరాల జాబితాలు ఉంటాయి. ప్రయాణ ఖర్చు కోసం కొన్నేళ్లు చాకిరీకి ఒప్పుకుని వచ్చిన పేదవాళ్ల జాడ ఒక్కోసారి ఈ ప్రకటనల్లోనే మిగిలింది.

అసలు పని: ఇరుగుపొరుగు

ఇక్కడ ఓపిగ్గా ఉండండి. నా లెక్కలో మొత్తం శ్రమలో సగానికి పైగా ఇక్కడే పెట్టాలి.

ముందు దారి పట్టుకోండి. ఫిలడెల్ఫియాలో దిగినవాళ్లు లాంకాస్టర్ వైపు నడిచి, పెన్సిల్వేనియాలోనే ఉన్న డోనెగాల్, డెర్రీ, పాక్స్‌టాంగ్ లాంటి టౌన్‌షిప్‌లలో ఆగారు. అక్కడ భూమి ఖరీదయ్యాక కంబర్లాండ్ లోయకు, తర్వాత గ్రేట్ వాగన్ రోడ్ మీదుగా వర్జీనియాలోని షెనాండోవా లోయకు, అక్కడి నుంచి కరోలినాలకు దిగారు. తర్వాతి తరం కొండలు దాటి టెన్నెసీ, కెంటకీ చేరింది. కాబట్టి టెన్నెసీలో దొరికిన మనిషిని ఐర్లండ్‌కు ఒక్క గెంతులో తీసుకుపోవడం కుదరదు, మధ్యలో మూడు నాలుగు మజిలీలు ఉంటాయి.

ప్రతి మజిలీలోనూ ఆ కౌంటీ ఎప్పుడు పుట్టిందో చూసుకోండి. చెస్టర్ నుంచి 1729లో లాంకాస్టర్ విడిపోయింది. లాంకాస్టర్ నుంచి 1749లో యార్క్, 1750లో కంబర్లాండ్ వచ్చాయి. వర్జీనియాలో అగస్టా కౌంటీ 1738లో ఏర్పడినా కోర్టు మొదలైంది 1745లో, అంతకుముందు కాగితాలు ఆరెంజ్ కౌంటీలో ఉంటాయి. నార్త్ కరోలినాలో రోవన్ 1753లో ఆన్‌సన్ నుంచి విడిపోయింది. మనిషి కదలకుండా అదే పొలంలో ఉన్నా కౌంటీ మారిపోతుంది, పాత కాగితాలు పాత కౌంటీలోనే ఉండిపోతాయి. "రికార్డు లేదు" అని వదిలేసిన చాలా కేసుల్లో వెతికిన చోటే తప్పు.

తర్వాత భూమి కాగితాలు. పెన్సిల్వేనియాలో వారంట్ (భూమి కొలవమని ఇచ్చే ఉత్తర్వు), సర్వే, పేటెంట్ (ఆఖరి హక్కు పత్రం) అని మూడు దశలు, ఇవి హారిస్‌బర్గ్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడి పేటెంట్లలో ఒక్కో భూమికి యజమాని పెట్టుకున్న పేరు ఉండేది, ఆ పేరు కూడా గమనించండి. దక్షిణ కాలనీల దస్తావేజుల్లో "ఫలానా ఓక్ చెట్టు నుంచి ఫలానావారి హద్దు దాకా" అని రాస్తారు. ఆ కొలతలు పట్టుకుని కాగితం మీద పొలం గీయండి, పక్క పొలాలూ గీయండి. హద్దుదారుల పేర్లు, సాక్షుల పేర్లు, సర్వేకు గొలుసు పట్టినవాళ్ల పేర్లు ఒక పట్టికలో రాసుకోండి. సాక్షి సంతకం చేసినవాడు బావమరిది కావచ్చు, అల్లుడు కావచ్చు.

కోర్టు పుస్తకాలు కూడా ఇంతే విలువైనవి. దారి బాగుచేయడానికి కోర్టు ఆ దారి పక్కన ఉన్న మగవాళ్లందరి పేర్లూ రాసి పని అప్పగించేది. తండ్రి చనిపోతే మైనర్ పిల్లలకు గార్డియన్‌గా ఎవరిని పెట్టారు, ఆస్తి లెక్క ఎవరు కట్టారు, వేలంలో ఆవునూ నాగలినీ ఎవరు కొన్నారు, ఇవన్నీ బంధుత్వాల జాడలే. ఆడవాళ్ల పుట్టింటి పేరు దొరికేది కూడా ఎక్కువగా వీలునామాల్లోనే. తండ్రి "నా అల్లుడు ఫలానా" అని రాసిన ఒక్క వాక్యం ఓ కొత్త కుటుంబాన్ని తెరుస్తుంది.

అమెరికా అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్ సంగతి చూడండి. ఆయన తల్లిదండ్రులు ఆంట్రిమ్ కౌంటీలోని కారిక్‌ఫర్గస్ వైపు నుంచి 1765లో వచ్చి కరోలినా సరిహద్దులో వాక్సాస్ అనే చోటికి చేరారు. ఎందుకు అక్కడికే? తల్లి ఎలిజబెత్ హచిన్సన్ అక్కచెల్లెళ్లు అప్పటికే అక్కడ కాపురం ఉన్నారు. 1767లో ఆయన ఏ పిన్ని ఇంట్లో పుట్టాడన్న దాని మీదే నార్త్, సౌత్ కరోలినాలు ఇప్పటికీ వాదించుకుంటాయి. జాక్సన్ అన్న ఇంటిపేరు మాత్రమే పట్టుకుంటే ఈ కథ అర్థం కాదు, తల్లి వైపు బంధువులను చూడాలి.

చర్చి కాగితాలు

పాస్టర్లు తక్కువ, దూరాలు ఎక్కువ కాబట్టి ఆ కాలపు బాప్తిస్మ పుస్తకాలు కొద్దిగానే మిగిలాయి. మిగిలినవి బంగారమే. అగస్టా కౌంటీలో జాన్ క్రెయిగ్ అనే పాస్టరు 1740 నుంచి 1749 దాకా ఇచ్చిన బాప్తిస్మాలు తండ్రి పేరుతో సహా రాసి పెట్టాడు. ఫిలడెల్ఫియాలోని ప్రెస్బిటేరియన్ హిస్టారికల్ సొసైటీలో సంఘాల పుస్తకాలు, పెద్దల సమావేశాల మినిట్స్ ఉన్నాయి. పాస్టరు ఐర్లండ్‌లో ఏ సంఘం నుంచి వచ్చాడో చూడండి, ఆయన వెంట వచ్చిన జనం కూడా ఆ చుట్టుపక్కలవాళ్లే అయ్యే అవకాశం ఉంది. 1772లో విలియం మార్టిన్ అనే కవనాంటర్ (ప్రెస్బిటేరియన్లలో ఒక కఠినమైన శాఖ) పాస్టరు వెంట 5 ఓడల్లో కుటుంబాలు సౌత్ కరోలినా చేరాయి. మీ వాళ్లు ఆ గుంపులో ఉంటే ఆంట్రిమ్‌లోని ఆయన సంఘాల వైపు దృష్టి పెట్టవచ్చు.

తర్వాతి తరాల్లో చాలామంది బాప్టిస్టులు, మెథడిస్టులు అయ్యారు. అందుకని "మావాళ్లు బాప్టిస్టులు కదా, వీళ్లు కాదేమో" అని వదిలేయకండి.

ఊరు పేరు రాసి ఉండే నాలుగు చోట్లు

ఐర్లండ్‌లో ఏ కౌంటీ అన్నది అమెరికా కాగితంలోనే దొరకాలి. అలా దొరికే అవకాశం ఎక్కువ ఉన్నవి ఇవి.

1832 చట్టం కింద విప్లవ యుద్ధ సైనికులు పెట్టుకున్న పెన్షన్ దరఖాస్తులు. "ఎక్కడ, ఏ సంవత్సరం పుట్టావు?" అన్నది కోర్టు అడగాల్సిన ప్రశ్నల్లో ఒకటి. మీ పూర్వీకుడు దరఖాస్తు పెట్టకపోయినా అదే దళంలో ఉన్న పొరుగువాళ్లవి చదవండి. దక్షిణాది సైనికుల దరఖాస్తుల నకళ్లు వేలకొద్దీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి.

ఆరెంజ్ కౌంటీ కోర్టులో 1740 ప్రాంతపు ప్రమాణాలు. సొంత ఖర్చుతో వచ్చినవాళ్లకు తలకు 50 ఎకరాల హక్కు ఉండేది. దాని కోసం "ఐర్లండ్ నుంచి ఫిలడెల్ఫియాకు, అక్కడి నుంచి ఈ కాలనీకి నేను, నా భార్య, పిల్లలు వచ్చాం" అని పేర్లతో సహా చెప్పేవాళ్లు. ఇందులో ఊరు అరుదు, కానీ కుటుంబం మొత్తం ఒకేచోట కనిపిస్తుంది.

సౌత్ కరోలినా కౌన్సిల్ జర్నళ్లు. 1761 చట్టంతో అక్కడ పేద ప్రొటెస్టెంట్ల ఓడ ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంది. అందుకే ఈ ఒక్క కాలనీలో ఓడ పేరుతో పాటు మనుషుల పేర్లు, ఇచ్చిన ఎకరాలు కూడా మిగిలాయి.

నాలుగోది సమాధి రాళ్లు. "ఆంట్రిమ్ కౌంటీ వాస్తవ్యుడు" అని చెక్కించుకోవడం వాళ్లకు గౌరవం. పాత చర్చి ఆవరణలో పక్క వరసల రాళ్లు కూడా చదవండి.

ఇప్పుడు ఐర్లండ్

కౌంటీ దొరికాక దిగాల్సిన మెట్లు: కౌంటీ, సివిల్ పారిష్ (కౌంటీలో కొన్ని టౌన్‌ల్యాండ్‌లు కలిసిన భాగం), టౌన్‌ల్యాండ్. టౌన్‌ల్యాండ్ అంటే కొన్ని వందల ఎకరాల చిన్న భూభాగం, ఐర్లండ్ అంతా కలిపి 60 వేలకు పైగా ఉన్నాయి. అక్కడ చిరునామా అంటే అదే.

1922 జూన్ 30న డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ భవనంలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీస్ అంతర్యుద్ధంలో తగలబడింది. 1821 నుంచి 1851 దాకా జనాభా లెక్కల్లో చాలావరకు, వీలునామాలు, ఆంగ్లికన్ చర్చి పుస్తకాల్లో సగానికి పైగా పోయాయి. ఇది విని నిరాశపడనక్కర్లేదు. ప్రెస్బిటేరియన్ పుస్తకాలు ఆ భవనంలో లేవు, అవి సంఘాల దగ్గరే ఉన్నాయి. అయితే చాలా సంఘాల పుస్తకాలు 19వ శతాబ్దంలోనే మొదలవుతాయి కాబట్టి 1740 మనిషికి వేరే ఆధారాలు కావాలి.

1660ల పొయ్యి పన్ను జాబితాలు ఒకటి. 1740లో ప్రొటెస్టెంట్ ఇళ్ల యజమానుల జాబితా, 1766 మత గణన, 1775లో ప్రెస్బిటేరియన్లు పెట్టిన అర్జీల మీద సంతకాలు ఇంకొన్ని. 1796లో అవిసె వేసిన రైతులకు రాట్నాలు, మగ్గాలు ఇచ్చిన జాబితాలో దాదాపు 60 వేల పేర్లు ఉన్నాయి. మీ మనిషి అప్పటికే వెళ్లిపోయి ఉంటాడు, కానీ వెనక ఉండిపోయిన తమ్ముడో పెదనాన్న కొడుకో అందులో కనిపించవచ్చు. 1847 నుంచి 1864 మధ్య జరిగిన గ్రిఫిత్ వాల్యుయేషన్, అంటే పన్ను కోసం ఐర్లండ్‌లో భూములకు, ఇళ్లకు విలువ కట్టిన జాబితా, ఆన్‌లైన్‌లో మ్యాపులతో సహా ఉచితం. ఇంటిపేర్లు ఏ పారిష్‌లో గుంపుగా ఉన్నాయో చూడటానికి దీన్ని వాడండి.

మీ ఇరుగుపొరుగు పట్టిక పనికొచ్చేది ఇక్కడే. ఒక్క ఇంటిపేరు పది పారిష్‌లలో ఉంటుంది. అమెరికాలో పక్కపక్కన ఉన్న ఆరు ఇంటిపేర్లూ కలిసి కనిపించే పారిష్ ఒకటో రెండో ఉంటాయి. వాటి మీదే పని చేయండి.

ఆపైన ఎస్టేట్ కాగితాలు. అల్‌స్టర్ రైతులు కౌలుదారులు, కౌలు ఒప్పందాలు భూస్వాముల దస్త్రాల్లో ఉన్నాయి. "మూడు ప్రాణాల కౌలు" అని ఒక పద్ధతి ఉండేది: ఒప్పందంలో పేరు రాసిన ముగ్గురిలో ఆఖరివాడు బతికున్నంత కాలం కౌలు నడుస్తుంది. ఎక్కువకాలం బతుకుతారని చిన్న పిల్లల పేర్లు రాయించేవాళ్లు, పక్కన వయసు, తండ్రి పేరు. కొన్ని కౌలు జాబితాల్లో "ఈ ప్రాణం అమెరికా వెళ్లాడు" అన్న గుమాస్తా రాత కూడా కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ మొత్తం పరిశోధనలో ఇంత నేరుగా మాట్లాడే కాగితం మరొకటి లేదు. ఇవి ఎక్కువగా బెల్‌ఫాస్ట్‌లోని ప్రోనీలో, అంటే నార్తర్న్ ఐర్లండ్ పబ్లిక్ రికార్డ్ ఆఫీస్‌లో ఉన్నాయి. కేటలాగ్‌లో మనిషి పేరుతో కాకుండా టౌన్‌ల్యాండ్ పేరుతో వెతకండి. డబ్లిన్ రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్‌లో 1708 నుంచి దస్తావేజుల సారాంశాలు ఉన్నాయి, వాటి ఇమేజీలు ఫ్యామిలీసెర్చ్‌లో చూడవచ్చు. తగలబడిన రికార్డుల నకళ్లను ప్రపంచమంతా పోగుచేసి 2022లో మొదలుపెట్టిన వర్చువల్ రికార్డ్ ట్రెజరీ ఆఫ్ ఐర్లండ్ కూడా ఉచితమే.

పేర్ల దగ్గర జాగ్రత్త

స్పెల్లింగ్‌ను నమ్మకండి, చెవిని నమ్మండి. కాల్హూన్, కహూన్, కల్హౌన్ ఒకటే ఇల్లు కావచ్చు. హ్యూస్టన్, హౌస్టన్ కూడా అంతే. ముందున్న "మెక్" ఒక గుమాస్తా రాస్తాడు, ఇంకొకడు వదిలేస్తాడు.

పిల్లల పేర్ల వరస ఒక సూచన ఇస్తుంది. పెద్ద కొడుక్కి నాన్నవైపు తాత పేరు, రెండోవాడికి అమ్మవైపు తాత పేరు, మూడోవాడికి తండ్రి పేరు. పెద్ద కూతురికి అమ్మమ్మ, రెండోదానికి నానమ్మ, మూడోదానికి తల్లి. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఇది వెంటనే అర్థమవుతుంది, చనిపోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు మళ్లీ పెట్టడం కూడా ఉండేది. అయితే అందరూ పాటించలేదు. ఈ వరసతో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది, తాత ఎవరో రుజువు కాదు.

ఒకే పేరున్న ఇద్దరు ఒకే కౌంటీలో ఉంటే టెన్షన్ పడక, ఇద్దరికీ వేర్వేరు కాలక్రమం రాయండి. భార్య పేరు, పొలం పక్కన ఉన్న వాగు పేరు, సంతకమా వేలి గుర్తా అన్నవి ఇద్దరినీ విడదీస్తాయి.

డీఎన్ఏ ఎంతవరకు

మామూలుగా అందరూ చేయించుకునే ఆటోసోమల్ పరీక్ష ఐదారు తరాల దాకా బాగా పనిచేస్తుంది. ఏడు తరాల వెనకటి ఒక్కో పూర్వీకుడి నుంచి మనకు వచ్చేది సగటున 1 శాతం కంటే తక్కువ, ఇంకా వెనక్కి వెళ్తే కొందరి నుంచి ఏమీ రాకపోవచ్చు. కాబట్టి ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల చేత ముందు చేయించండి. 18వ శతాబ్దపు వలసదారుడి కోసం వై-డీఎన్ఏ మేలు. అది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్తుంది కాబట్టి ఇంటిపేరుతో పాటు నడుస్తుంది. ఆ ఇంటిపేరు మగ సంతతి ఒకరు ఒప్పుకోవాలి. ఇంటిపేరు ప్రాజెక్టుల్లో చేరితే అల్‌స్టర్‌లో ఇప్పటికీ ఉన్న కుటుంబంతో సరిపోలిక దొరికే అవకాశం ఉంది. ఆ కుటుంబానికి తమ టౌన్‌ల్యాండ్ తెలిసే ఉంటుంది. సైట్లు చూపించే "స్కాట్లాండ్ ఇంత శాతం, ఐర్లండ్ ఇంత శాతం" అన్న అంకెలతో మాత్రం ఏ ఊరూ తేలదు.

స్కాట్లాండ్ దాకా వెళ్లవచ్చా?

కొందరికే సాధ్యం. 17వ శతాబ్దపు స్కాట్లాండ్ పారిష్ పుస్తకాలు అరకొరగా ఉన్నాయి, అల్‌స్టర్‌లో దిగిన సామాన్య రైతు ఏ పారిష్ నుంచి వచ్చాడో రాసిపెట్టినవాళ్లు తక్కువ. ఎస్టేట్ యజమాని స్కాట్లాండ్ వాడైతే ఆయన సొంత ప్రాంతం చూడండి, రైతులను ఎక్కువగా అక్కడి నుంచే తెచ్చుకున్నారు. 1630 నాటి మస్టర్ రోల్స్‌లో ఆ ఎస్టేట్ కింద ఆయుధం పట్టగల మగవాళ్ల పేర్లు ఉన్నాయి. అందులో మీ ఇంటిపేరు అదే పారిష్ దగ్గర కనిపిస్తే, ఎస్టేట్ యజమాని ఊరు చుట్టుపక్కల పారిష్‌లను స్కాట్లాండ్స్‌పీపుల్ సైట్‌లో వెతకండి. వీళ్లలో ఉత్తర ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లు, ఫ్రెంచి హ్యూగనాట్లు (ఫ్రాన్స్ నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్లు), ప్రెస్బిటేరియన్లుగా మారిన ఐరిష్ కుటుంబాలు కూడా ఉన్నాయి కాబట్టి ఇంటిపేరు స్కాట్లాండ్‌ది కాకపోతే ఆ వైపులూ చూడండి. టౌన్‌ల్యాండ్ దగ్గరే ఆధారం ఆగిపోతే చెట్టులో అక్కడే ఆపి, దాని పైన గడి ఖాళీగా ఉంచండి, పక్కన ఏయే పుస్తకాలు వెతికారో తేదీలతో రాసిపెట్టండి.